నలుపలకల బజ్జీలు

విజయనగరంలో అంతర్‌శాఖా సమన్వయ కార్యాలయం అని ఒకటి ఉండేది. ఏ శాఖను ఏ శాఖతో సమన్వయం చేయాలో అందులో పనిచేసేవాళ్ళకి ఎవరికీ కచ్చితంగా తెలియదు. అయినా ఆ పని ఏనాడూ ఆగలేదు. ఉదయం ఫైళ్ళు లోపలికి వెళ్ళేవి, సాయంత్రానికి మరి కాస్త లావెక్కి బయటికి వచ్చేవి.

ఆ ఆఫీసులో సూపరింటెండెంటు వనమాల. నలభై దాటిన మనిషి, పని తెలిసిన మనిషి. ఆవిడకున్న పిచ్చి ఒక్కటే, క్రికెట్. చదువుకునే రోజుల్లో యూనివర్సిటీ జట్టులో ఆఫ్ స్పిన్ వేసింది. పెళ్ళయి, కూతురు పుట్టి, ఉద్యోగంలో రెండు ప్రమోషన్లు వచ్చినా ఆ వేళ్ళు మాత్రం ఆటను మరిచిపోలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ బల్లమీది పేపర్‌వెయిట్‌ని చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య ఇరికించి తిప్పుతూ ఉండేది. ఎదుటివాళ్ళు తమ మీదకి విసురుతుందేమోనని కుర్చీ వెనక్కి జరుపుకునేవారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం మన జట్టు ఫైనల్ ఆడుతోంది. భర్త త్రినాథరావు హైస్కూల్లో లెక్కల మాస్టారు. వారం ముందే ఆయనకి చెప్పేసింది: "ఏవండీ, ఆ పూట బజ్జీలు మీరే వెయ్యాలి. నేను సోఫాలోంచి లేవను. ఇల్లు అంటుకున్నా సరే, ఓవరు పూర్తయ్యాకే చెప్పండి."

"ఓవరు మధ్యలో అంటుకుంటే?"

"అందాకా మీరు ఆర్పండి."

అంతా బాగానే ఉంది. గురువారం నాడు పై కార్యాలయం నుంచి ఉత్తర్వు దిగింది. పై కార్యాలయంలో ఎవరో పెద్దాయన ఏదో శిక్షణకి వెళ్ళి, పెద్ద పెద్ద కంపెనీల్లో ఉద్యోగులందరూ కలిసి ఆట చూస్తూ చిరుతిళ్ళు తింటారనీ, దానివల్ల బృందస్ఫూర్తి పెరుగుతుందనీ విని వచ్చాడు. ఇంకేముంది, అన్ని జిల్లాలకీ కాగితం వచ్చేసింది.

"ఆదివారము జరుగు అంతిమ పోటీని అధికారులును, సిబ్బందియు ఒకే కప్పు క్రింద, ఒకే మనస్సుతో తిలకించి ఆనందించవలెను. హాజరు తప్పనిసరి. ఆనందించనివారి వివరములను సోమవారము సాయంత్రము లోపల పంపవలెను. చిరుతిళ్ళు ఏర్పాటు చేయవలెను. అవి ఎవరి మనోభావములను నొప్పించని శాకాహారమై ఉండవలెను."

జాయింట్ డైరెక్టరు పరాంకుశరావు ఆ కాగితం మూడుసార్లు చదివి వనమాలని పిలిచాడు. ఆయన సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరో ఫొటో తీస్తున్నట్టు నిలబడే మనిషి. క్రికెట్లో ఎంతమంది ఆడతారో ఆయనకి తెలియదు. తెలుసుకోవలసిన అవసరం ఆ నాటి వరకూ కలగలేదు.

"వనమాల గారూ, చిరుతిళ్ళ బాధ్యత మీ భుజస్కంధాల మీద పెడుతున్నాను. మీరు స్త్రీమూర్తులు, పైగా మీ క్యారియర్‌లోని మసాలా వడ ఒకసారి నేను స్వయంగా ఆస్వాదించి ఉన్నాను."

వనమాలకి సోఫా కళ్ళముందు కదిలింది. కాని హాజరు తప్పనిసరి అన్నాక చేసేదేముంది? టీవీ అక్కడా ఉంటుందిగా అని మనసు సర్దుకుంది. నిలబడ్డ చోటే చెప్పేసింది: "మిరపకాయ బజ్జీ, మైసూరు బోండా, కాలీఫ్లవర్ సిక్స్‌టీ ఫైవ్, టీ. రైల్వే స్టేషన్ దగ్గర బజ్జీల సింహాచలానికి చెప్తే మనిషిని, మూకుడిని తెచ్చుకుని ఇక్కడే వేడివేడిగా వేసేస్తాడు సార్."

"బాగుంది. అయితే ఇంత పెద్ద విషయంలో మనం ఏకపక్షంగా వెళ్ళకూడదు. ఒక ఉపసంఘం వేద్దాం."

అలా శాకాహార చిరుతిళ్ళ ఉపసంఘం పుట్టింది. అధ్యక్షులు పరాంకుశరావు. సభ్యులు పరిపాలనాధికారి సదానందం, అకౌంట్స్ ఆఫీసరు గుప్తేశ్వరరావు. కన్వీనరు వనమాల. కన్వీనరంటే మిగిలినవాళ్ళు మాట్లాడుకుంటుంటే పని చేసే మనిషి.

శుక్రవారం పొద్దున్నే సమావేశం మొదలైంది. సదానందం నిష్ఠాపరుడు. తాను పుట్టి బుద్ధెరిగాక నీచు ముట్టలేదని రోజుకొకసారైనా ఎవరికో ఒకరికి చెబితేగాని ఆయనకి అన్నం సయించేది కాదు. కళ్ళజోడు తుడుచుకుని ఆయన ఆరంభించాడు.

"అధ్యక్షా, ఉత్తర్వులో ఉన్నది కేవలం శాకాహారం కాదు. 'మనోభావములను నొప్పించని శాకాహారం'. అంటే నొప్పించే శాకాహారం కూడా ఒకటున్నదని ప్రభుత్వం వారు పరోక్షంగా అంగీకరిస్తున్నారు. అదేమిటో మనం నిగ్గుతేల్చాలి."

"నొప్పించే శాకాహారమా?" అంది వనమాల.

"మాంసాహారాన్ని స్ఫురింపజేసే శాకాహారం. ఉదాహరణకి ఈ కాలీఫ్లవర్ సిక్స్‌టీ ఫైవ్. ఆ అంకె ఎవరిది? కోడిది. కాలీఫ్లవర్‌కి ఆ అంకెతో ఏం పని?"

పరాంకుశరావు గంభీరంగా తలూపాడు. "పోనీ సిక్స్‌టీ ఫోర్ అందామా?"

గుప్తేశ్వరరావు ఉలిక్కిపడ్డాడు. "వద్దండి. ఆ మిగిలిన ఒకటీ ఏమైందని ఆడిట్ వాళ్ళు అడుగుతారు."

కాలీఫ్లవర్ పోయింది.

"తర్వాత మైసూరు బోండా," అన్నాడు సదానందం. "గుండ్రంగా, లోపల తెల్లగా, మెత్తగా. చూసేవాడికి ఏం స్ఫురిస్తుంది? కోడిగుడ్డు."

"కొంచెం అణిచి వేయిస్తే సరిపోతుంది కదండీ," అంది వనమాల.

"అణిస్తే ఆమ్లెట్టు."

బోండా కూడా పోయింది. ఇక మిరపకాయ బజ్జీ. సదానందం చాలాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించాడు. "పొడుగ్గా ఉంటుంది. మధ్యలో లావు, చివర సన్నం. వెనకాల తొడిమె తోకలా బయటికి వచ్చి ఉంటుంది. శనగపిండిలో ముంచి నూనెలో వేస్తారు. అధ్యక్షా, ఇది చేప."

"తొడిమె తీసేయిస్తానండి."

"తోక తెంపినంత మాత్రాన చేప కాకుండా పోతుందా, మేడం?"

వనమాల చేతిలో పేపర్‌వెయిట్ తిరగడం మొదలైంది. గుప్తేశ్వరరావు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

అప్పుడు పరాంకుశరావుకి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఆయన లేచి నిలబడ్డాడు. "మిత్రులారా, సృష్టిలో గుండ్రంగా ఉన్న జీవులున్నాయి. పొడుగ్గా ఉన్నవి ఉన్నాయి. కాని నలుపలకలుగా ఉన్న జంతువును మీలో ఎవరైనా చూశారా?"

ఎవరూ చూడలేదు.

"కనుక చిరుతిండి నలుచదరంగా ఉండవలెను. అన్ని భుజాలూ సమానంగా. అప్పుడు ఏ ప్రాణీ స్ఫురించే అవకాశమే ఉండదు."

ఉపసంఘం బల్లలు చరిచింది. నలుపలకలుగా కోసిన అరటికాయ బజ్జీ ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. దానికి తోడు గుప్తేశ్వరరావు మరో షరతు చేర్చాడు: వేయించే నూనెలోగాని, మూకుడులోగాని గతంలో ఏ ప్రాణీ వేగలేదని వంటవాడు లిఖితపూర్వకంగా హామీ ఇవ్వాలి.

మధ్యాహ్నం సింహాచలం వచ్చాడు. వనమాల చెప్పిందంతా విన్నాడు. విని, తల మీది తువ్వాలు తీసి మళ్ళీ చుట్టుకున్నాడు.

"అమ్మా, ఈ మూకుడు మా అత్తోరి మూకుడు. దాని పూర్వాశ్రమం నాకేటి తెలుసు? నూనంటారా, డబ్బాలో వస్తాది. అది ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో నానేటి రాసిచ్చీది?"

"పోనీ, ఆ సంగతి నేను చూసుకుంటాను సింహాచలం. అరటికాయ చదరంగా కోస్తావా?"

"సూడండమ్మా, బజ్జీ నూనెలో పడ్డాక దాని ఇష్టం దానిది. అటూ ఇటూ పొంగుతాది, తోకలు ఏస్తాది. పిండికి స్కేలు ఎట్టి బుద్ది సెప్పడం నా వల్ల గాదు. నన్నొదిలీండి."

సింహాచలం దండం పెట్టి వెళ్ళిపోయాడు. వనమాల ఊళ్ళో మరో ఇద్దరు వంటవాళ్ళని అడిగింది. ఒకాయన నవ్వాడు. ఇంకొకాయన ఆవిడకి ఒంట్లో బాగుందా అని అడిగాడు. ఆఖరికి ఆ పని ఇంటికే వచ్చి పడింది.

ఆదివారం తెల్లవారగానే త్రినాథరావు పంచె ఎగ్గట్టి వంటింట్లోకి దిగాడు. కొత్త మూకుడు, కొత్త నూనె. వనమాల అరటికాయలు చెక్కు తీస్తుంటే ఆయన చక్రాలు కాకుండా నిలువుగా పలకలు కోసి, స్కూలు నుంచి తెచ్చిన స్కేలు పెట్టి అంచులు సరిచేస్తున్నాడు.

"భుజాలు సమానమన్నారు సరే, కర్ణాలు కూడా చూడాలా?"

"మీరు కొయ్యండి, నాకు ఏడుపొస్తోంది."

ఏడుపు నిజంగానే వచ్చింది. ఇన్నేళ్ళలో ఫైనల్ రోజు ఆవిడ ఇలా నిలబడి లేదు. పిచ్ ఎలా ఉంది, గాలి ఎటు వీస్తోంది, ఎవరిని ఆడిస్తున్నారు, ఈపాటికి అన్నీ చదివేసి, అన్నిటి మీదా భర్తతో వాదన వేసుకుని ఉండేది. ఈ రోజు జట్టులో మూడో స్పిన్నరున్నాడో లేడో కూడా తెలియదు. కూతురు హారిక పక్కన నిలబడి, కోసి పారేసిన అంచు ముక్కలన్నీ మిగిలిన పిండిలో ముంచి వేయించుకుని తినేస్తోంది. వంకరటింకరగా, కరకరలాడుతూ అవే బాగున్నాయి.

"అమ్మా, నువ్వు ఇంట్లో లేకపోతే ఎవరు అవుటయ్యారో ఎందుకయ్యారో మాకెవరు చెప్తారే?" అంది ఆ పిల్ల. వనమాల పిండి గిలక్కొట్టింది.

పెద్ద బేసిన్ల నిండా నలుపలకల బజ్జీలు ఆటోలో ఆఫీసుకి చేరాయి. మీటింగ్ హాలంతా రంగు కాగితాలు. గోడ మీద పెద్ద తెర. బృందస్ఫూర్తి వర్ధిల్లాలి అని గుడ్డ కట్టారు. ఆఫీసంతా వచ్చింది, కొందరు పిల్లల్ని కూడా తెచ్చుకున్నారు. బజ్జీల వాసనకి అందరి ముఖాలూ అటు తిరిగాయి. అటెండరు పైడితల్లి బేసిను మూత కొంచెం ఎత్తి చూసి, "అమ్మగోరూ, ఏటివి? డొమినో ముక్కల్లాగున్నాయి," అంది. ఆవిడ చెయ్యి చాపేలోగా సదానందం అడ్డం వచ్చాడు. రుచి పరిశీలన జరగకుండా వడ్డించకూడదట. బేసిన్లు పక్కగదిలోకి వెళ్ళాయి. గదికి తాళం పడింది.

మన జట్టు మొదట బ్యాటింగుకి దిగింది. సరిగ్గా అప్పుడే పరాంకుశరావు టీవీ శబ్దం తగ్గించమని, తెరకి అడ్డంగా నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాడు.

"సభకు నమస్కారం. ఆట అనగా నేమి? ఆహారమనగా నేమి? ఈ రెంటికీ గల అవినాభావ సంబంధాన్ని మన ఋషులు..."

ఆయన భుజాల పక్క నుంచి తెర సగం సగం కనిపిస్తోంది. వనమాల మెడ చాచి చూస్తోంది. బౌలరు పరిగెత్తుకుంటూ వచ్చి పరాంకుశరావు వీపు వెనక మాయమైపోతున్నాడు. కాసేపటికి ఆయన చెవి పక్క నుంచి బంతి ఒకటి పైకి లేచి, తెర చివరిదాకా వెళ్ళి, జనంలో పడింది. హాలంతా ఒక్క పెట్టున లేచి చప్పట్లు కొట్టింది. పైడితల్లి ఈల వేసింది.

పరాంకుశరావు కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన మాటకి ఎవరూ అలా చప్పట్లు కొట్టి ఎరగరు. చేతులు జోడించి, ముగించబోతున్న ఉపన్యాసాన్ని మళ్ళీ ఋషుల దగ్గరినుంచి ఎత్తుకున్నాడు. మన జట్టు ఎంత బాగా ఆడితే ఆయన అంత బాగా మాట్లాడాడు. మొదటి ఇన్నింగ్స్ అలా గడిచిపోయింది.

అవతలి జట్టు బ్యాటింగు మొదలయ్యాక ఉపసంఘం రుచి పరిశీలనకి పక్కగదిలోకి వెళ్ళింది. కన్వీనరు కాబట్టి వనమాల కూడా వెళ్ళక తప్పలేదు. సదానందం ఒక బజ్జీని ప్లేటులో పెట్టి, చుట్టూ తిరిగి చూశాడు. స్కేలు పెట్టి కొలిచాడు. కొలత సరిపోయింది. పరాంకుశరావు సంతృప్తిగా నిట్టూర్చాడు.

అంతలో గుప్తేశ్వరరావు, "ఒక్క మాట. పలకగా, పచ్చగా, అంచుల్లో కొంచెం మాడి... నాకెందుకో బ్రెడ్ ఆమ్లెట్ స్ఫురిస్తోందండి," అన్నాడు.

హాల్లోంచి పెద్ద కేక వినిపించింది. వికెట్ పడిందో, ఫోరు వెళ్ళిందో!

"బ్రెడ్ ఆమ్లెట్," అన్నాడు సదానందం నీరసంగా. "అవును. కచ్చితంగా. పైన ఉల్లిపాయ వేసిన రకం."

"అయితే ముక్కోణాలుగా..." అన్నాడు పరాంకుశరావు.

"అది ఎగ్ పఫ్‌లో సగం, అధ్యక్షా."

మళ్ళీ చర్చ మొదలైంది. బజ్జీలు ఎప్పుడో చల్లారిపోయాయి. హాల్లో కేకలు పెరుగుతున్నాయి. తలుపు సందులోంచి పైడితల్లి, "అమ్మగోరూ, ఇంక ఐదు ఓవర్లే! పిల్లలు ఆకలని ఏడుస్తన్నారు!" అంటోంది. ఆ మూసిన గదిలో, ఆ ముగ్గురు పెద్దమనుషుల మధ్యే వనమాలకి ఫైనల్ అయిపోతోంది. ఆవిడ నెమ్మదిగా అడిగింది.

"సార్, నాకు తెలియక అడుగుతున్నాను. ఇది దేన్ని స్ఫురింపజేస్తోందో చెప్పాలంటే, దాన్ని తిని ఎరిగి ఉండాలి కదండీ?"

"సహజంగా," అన్నాడు పరాంకుశరావు.

"తీర్మానంలో అది కూడా రాయాలి కదండీ, పై ఆఫీసు వాళ్ళు అడిగితే. 'బోండాలో కోడిగుడ్డునూ, మిరపకాయలో చేపనూ, అరటికాయలో ఉల్లిపాయ వేసిన బ్రెడ్ ఆమ్లెట్‌నూ స్వానుభవంతో గుర్తించినవారు పరిపాలనాధికారి శ్రీ సదానందం గారు' అని. కన్వీనరుగా నేను సంతకం పెడతాను. పేరు సరిగ్గా రాశానా అని మీరొకసారి చూడండి."

సదానందం ముఖం పాలిపోయింది. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, బజ్జీ వంక కొత్తగా చూశాడు. "ఆహా, నిజానికి... ఇప్పుడు వెలుతురు మారింది. నాకు ఏమీ స్ఫురించడం లేదు. ఇది అరటికాయ."

"నాక్కూడా అరటికాయే," అన్నాడు గుప్తేశ్వరరావు గబగబా. "మొదటినుంచీ అరటికాయే."

"అయితే వడ్డించెయ్యనా సార్?"

పరాంకుశరావు చెయ్యెత్తాడు. "ఆగండి. అభ్యంతరం నమోదైంది. దాన్ని ఉపసంహరించుకోవాలంటే తీర్మానం కావాలి. 'స్ఫురించింది, కాని స్ఫురించలేదు' అని రాయాలా, లేక 'స్ఫురించినట్టు భ్రమ కలిగింది' అని రాయాలా?"

"భ్రమ అంటే నా ఆరోగ్యం మీదికి వస్తుంది," అన్నాడు సదానందం.

ముగ్గురూ కాగితం మీదికి వంగారు. వంగిన తలలు మూడూ ఒకదానికొకటి తగులుతున్నాయి. వనమాల వాళ్ళ వంక చూసింది, తలుపు వంక చూసింది. తర్వాత ఒక బేసిను నడుముకి ఎత్తుకుని, చప్పుడు కాకుండా బయటికి నడిచింది. పైడితల్లి లోపలికి దూరి రెండోది ఎత్తుకుంది. వెనక నుంచి 'భ్రమ' స్థానంలో 'ఆభాస' అయితే ఎలా ఉంటుందని అడుగుతున్న పరాంకుశరావు గొంతు వినిపించింది.

హాల్లో ఎవరూ ప్లేట్లు అడగలేదు. బేసిన్లు చేతులు మారి వరసల వెంట వెళ్ళాయి. వనమాల అన్నిటికంటే ముందు నేల మీద, పిల్లల మధ్య కాళ్ళు మడిచి కూర్చుంది. చేతిలో బజ్జీ, ఎదురుగా తెర.

ఆఖరి ఓవరు. అవతలివాళ్ళకి పట్టుమని పది పరుగులు కూడా అక్కర్లేదు. కెప్టెన్ బంతిని స్పిన్నరుకి ఇచ్చాడు. హాలంతా తలలు బాదుకుంది. "ఏటీ ఈడికి మతి పోయిందా!" అంది పైడితల్లి. వనమాల ఒక్కతే మోకాళ్ళ మీద లేచి, "ఇదీ! ఇదీ దమ్మంటే!" అంది. ఎవరికి చెబుతోందో ఆవిడకే తెలియదు. స్పిన్నరు వేళ్ళు బంతి మీద బిగుసుకున్నప్పుడల్లా ఆవిడ వేళ్ళు బజ్జీ మీద బిగుసుకున్నాయి. ఒకటి, మళ్ళీ ఒకటి, రెండు ఖాళీ బంతులు, ఒక ఫోరు. ఆఖరి బంతికి రెండు పరుగులు కావాలి.

"బయటికి రప్పించరా నాయనా," అంది వనమాల పళ్ళ మధ్య నుంచి. "ఎత్తుగా వెయ్యి. భయపడకు. ఎత్తుగా వెయ్యి."

అతను ఎత్తుగా వేశాడు.

తలుపు తెరుచుకుని ఉపసంఘం బయటికి వచ్చేసరికి హాలు హాలంతా ఎగురుతోంది. పైడితల్లి వనమాలని నడుం పట్టుకుని గాల్లోకి ఎత్తేసింది. పరాంకుశరావు చేతిలో తీర్మానం పట్టుకుని, "ఇక చిరుతిళ్ళు స్వీకరించవచ్చు," అని ప్రకటించాడు. బేసిన్లలో నూనె మరకలు తప్ప ఏమీ లేవు. తెర మీద ఎవరో సిమెంటు అమ్ముతున్నారు.

జనం వెళ్ళిపోయాక ఖాళీ హాల్లో నలుగురూ మిగిలారు. పరాంకుశరావు నివేదిక రాయడానికి కూర్చున్నాడు. "అధికారులును సిబ్బందియు అంతిమ పోటీని ఆద్యంతం తిలకించి ఆనందించిరి. ముఖ్యముగా చివరి ఘట్టమున..." అక్కడ ఆగిపోయాడు. "చివరి ఘట్టమున ఏం జరిగింది?"

సదానందం గుప్తేశ్వరరావు వంక చూశాడు. గుప్తేశ్వరరావు తెర వంక చూశాడు.

"స్టంపవుట్ సార్," అంది వనమాల. "ఆఖరి బంతికి. ఒక్క పరుగుతో మనం గెలిచాం."

సదానందానికి అప్పుడు తట్టింది. "మీరెలా చూశారు? మీరు ఉపసంఘం కన్వీనరు. సమావేశం ముగియలేదు. అధ్యక్షా, ఇది అనుమతి లేని గైర్హాజరు. మెమో ఇవ్వాలి."

"ఇవ్వండి సార్," అంది వనమాల. ఆవిడకి ఆ క్షణంలో దేనికీ భయం వెయ్యలేదు. "నేను ఆట చూస్తున్నప్పుడు మీరు ముగ్గురూ లోపల ఉన్నారని రాయండి."

పరాంకుశరావు కలం కాగితం మీద ఆగిపోయింది. వనమాల సమావేశంలో లేదని రాస్తే తాము ఆటలో లేమని రాసినట్టే. ఆటలో లేని వాళ్ళంటే ఆనందించని వాళ్ళు. ఆనందించని వాళ్ళ పేర్లు రేపు సాయంత్రం లోపల పంపాలి. అందులో మొదటి పేరు తనది.

"మేడం సమావేశంలో ఉన్నారు," అన్నాడు చివరికి. "మనం హాల్లో ఉన్నాం. సదానందం గారూ, మీరు ఈల కూడా వేశారు."

సదానందం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

పరాంకుశరావు నివేదిక మడిచి జేబులో పెట్టుకున్నాడు. లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. ఆయన ముఖంలో ఆఫీసరు కళ తగ్గి, బడికి సెలవని తెలియక వచ్చి నిలబడ్డ పిల్లాడి కళ వచ్చింది.

"వనమాల గారూ... స్టంపవుట్ అంటే ఏమిటి?"

ఆవిడకి ఇంటికెళ్ళి సోఫాలో కూలబడాలని ఉంది. అయినా ఖాళీ బేసిను ఎత్తి ఒక చివర వికెట్లలా నిలబెట్టింది. సదానందాన్ని దాని వెనక వంగి నిలబడమంది. గుప్తేశ్వరరావు చేతికి స్కేలు ఇచ్చి క్రీజు బయటికి రమ్మంది. ఆయన భయంభయంగా ఒక అడుగు ముందుకి వేశాడు. వనమాల బల్ల మీది పేపర్‌వెయిట్ అందుకుని, రెండు వేళ్ళ మధ్య ఇరికించుకుని, గోడ దాకా వెనక్కి నడిచింది.

"జాగ్రత్తగా చూడండి సార్," అంది. "మళ్ళీ మళ్ళీ వెయ్యను."